ఎనిమిది వారాలు గట్టిగా నిలబడు

చిన్నీ,

నిన్న వీడియోలో మీ కుక్క సింబా పాదాలు చూశాను. వేళ్ల సందుల్లో ఉన్న ఆ తుప్పు రంగు మట్టి కాదమ్మా, అదేపనిగా నాకడంతో ఉమ్ము వల్ల పట్టిన రంగు. మా టైగర్‌కీ అలాగే మొదలైంది. తర్వాత చెవుల్లోంచి పులిసిన పిండి వాసన, రాత్రంతా గోకుడు. నువ్వూ నిద్రపోవట్లేదని తెలుస్తోంది.

వెంటనే మేత మార్చేయకు. ముందు డాక్టరు చేత చర్మం గీకించి పరీక్ష చేయించు. గజ్జి పురుగైనా, గోమార్లు, పిడుదులైనా దురద ఇలాగే ఉంటుంది. చర్మానికి, చెవులకు ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గకుండా ఏ తిండి పెట్టినా ఫలితం తెలియదు. గన్నవరం వెటర్నరీ కాలేజీలో కూడా చూస్తారు, మీకు దగ్గరే కదా.

అవన్నీ అయ్యాక అనుమానం తిండి మీదకి వస్తే, రక్త పరీక్షకి డబ్బు పోయకు. తిండి అలర్జీ విషయంలో దాన్ని నమ్మలేం. నమ్మదగ్గది ఒక్కటే, పథ్యం. ఇంతవరకు ఎప్పుడూ తినని మాంసం ఒకటి, పిండిపదార్థం ఒకటి, కనీసం ఎనిమిది వారాలు. టైగర్ పుట్టిన దగ్గర్నుంచి చికెన్, పెరుగన్నమే తిన్నాడు. అందుకని డాక్టరు చేప, చిలగడదుంప చెప్పారు. ముళ్లు తీసి, ఉప్పు కారం లేకుండా ఉడకబెట్టేదాన్ని. వండటం కుదరకపోతే హైడ్రోలైజ్డ్ ప్రోటీన్ మేత (ప్రోటీన్‌ని ఒంటికి పడకపోవడం తగ్గేలా చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టినది) ఉంటుంది, ఖరీదు ఎక్కువే. ఇంటి వంటే ఎక్కువ రోజులు పెట్టాల్సి వస్తే కాల్షియం, విటమిన్లు ఎంత కలపాలో అడుగు.

అసలు కష్టం వంటలో లేదు, ఇంట్లోవాళ్లతో ఉంది. ఆరో వారంలో టైగర్ మళ్లీ చెవులు రక్తం వచ్చేలా గోక్కున్నాడు. ఆరా తీస్తే, మీ పెదనాన్న రోజూ టీలో ముంచిన బిస్కెట్ ముక్క పెడుతున్నారు. ప్రేమతోనే పెట్టారు, కానీ మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. పనమ్మాయికి, వాచ్‌మన్‌కి, పిల్లలకి అందరికీ చెప్పు. మాంసం రుచి కలిపిన నులిపురుగుల మాత్ర కూడా పథ్యాన్ని చెడగొడుతుంది, వేరేది రాయమను.

దురద తగ్గాక పాత తిండి కొద్దిగా పెట్టి చూడాలి. భయమేస్తుంది, నాకూ వేసింది. రెండు వారాల్లోపు దురద తిరగబెడితే కారణం దొరికినట్టే. మాకు పాలు, పెరుగు అని అలా తేలింది. పథ్యంతో అసలు తగ్గకపోతే దుమ్ము, పుప్పొడి వల్ల కావచ్చు. అదైతే జన్మంతా మందులతో అదుపులో పెట్టుకోవాల్సిందే.

స్టెరాయిడ్ ఇస్తే దాహం, ఆకలి, ఉచ్చ పెరుగుతాయి, కంగారు పడకు. నీ అంతట నువ్వు మాత్రం ఆపేయకు. మందు షాంపూ పట్టించాక పది నిమిషాలు ఉంచి కడుగు. మన జలుబు మాత్రలు, పారాసెటమాల్ దాని నోట్లో పడనీయకు. మొహం వాచి, వాంతులై, ఊపిరి ఆడకపోతే అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి పరుగెత్తు.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు, సింబా తినే ప్రతి ప్యాకెట్ వెనకవైపు ఫోటో తీసుకో. మీ అత్తగారు చాటుగా ఏం పెడుతున్నారో కూడా మెల్లగా అడుగు.

మీ పెద్దమ్మ