పొట్టలో తీసిన నీటిలో క్యాన్సర్ కణాలు లేవన్నారు, ఇంకా బయాప్సీ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. నాలుగు నెలలుగా పొట్ట ఉబ్బుతోంది, ఆకలి లేదు, చిక్కిపోయారు. రెండుసార్లు నీరు తీయించాం, మళ్లీ చేరింది. ఆ నీటిలో క్యాన్సర్ కణాలు లేవని రిపోర్ట్ వచ్చింది. అయినా పెరిటోనియల్ మెసోథీలియోమా అనుమానంతో బయాప్సీ చేయాలంటున్నారు. కత్తి పెడితే జబ్బు పాకుతుందని ఇంట్లో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: బయాప్సీ చేయించండి, వాయిదా వేయకండి. పేగుల్నీ పొట్ట లోపలి గోడనూ కప్పి ఉండే పల్చటి పొరలో పుట్టే అరుదైన క్యాన్సర్ ఇది. దీని కణాలు నీటిలోకి తక్కువగా రాలతాయి, రాలినా చాలాసార్లు మామూలు వాపుకి మారిన కణాల్లాగే ఉంటాయి కాబట్టి ఆ రిపోర్ట్ చూసి జబ్బు లేదనుకోవడానికి వీల్లేదు. ముక్క తీసి, కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 లాంటి మార్కర్లతో (కణం ఏ రకానిదో చెప్పే ప్రోటీన్లు) పరీక్షిస్తేనే జబ్బు ఇక్కడే పుట్టిందా, పేగు నుంచి పాకిందా అన్నది తేలుతుంది. పొట్ట టీబీ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, ఆడవాళ్లలోనైతే రక్తపరీక్షలో సీఏ-125 అనే ప్రోటీన్ పెరగడం చూసి అండాశయ క్యాన్సర్ అని పొరబడటమూ ఉంది.

మీ ఇంట్లోవాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను. ముక్క తీయడానికి చేసే లాపరోస్కోపీ (కెమెరా గొట్టంతో పొట్ట లోపల చూడటం) కోసం పెట్టిన రంధ్రాల దారిలో ఈ క్యాన్సర్ మొలవగలదు, అందుకే అనుభవం ఉన్న సర్జన్లు వీలైనంతవరకు పొట్ట మధ్య గీత మీదే రంధ్రాలు పెడతారు, తర్వాత పెద్ద ఆపరేషన్‌లో ఆ చోటు కూడా కోసి తీసేయొచ్చని. ఆ ముక్క తీసేది కూడా ఆ పెద్ద ఆపరేషన్ చేసే టీమే అయితే మంచిది.

ఆ ఆపరేషన్‌లో కంటికి కనిపించే గడ్డలన్నీ తీసేసి, 41 నుంచి 43 డిగ్రీల వేడి చేసిన కీమో మందును పొట్టలో 60 నుంచి 90 నిమిషాలు తిప్పుతారు. దీన్ని హైపెక్ అంటారు. చాలా గంటలు పడుతుంది, కోలుకోవడం కష్టంగానే ఉంటుంది, అందరికీ పనికిరాదు కూడా. కానీ 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలా చికిత్స చేసిన 405 మంది వివరాలు చూస్తే ఐదేళ్లకు 47 శాతం మంది బతికే ఉన్నారు (ఆపరేషన్‌కి తగినవాళ్లని ఎంచుకుని చేసినవే అని మాత్రం గుర్తుంచుకోండి). కణాల తీరుని బట్టి చెప్పే రకాల్లో ఎపిథీలియాయిడ్ రకమైతే ఆశ ఎక్కువ. ఆపరేషన్ కుదరకపోతే పెమెట్రెక్సెడ్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తారు, కొందరికి ఇమ్యూనోథెరపీ కూడా ఉంది.

నాన్నగారు ఎప్పుడైనా, 30, 40 ఏళ్ల క్రితమైనా సరే, ఆస్‌బెస్టాస్ దగ్గర పనిచేశారేమో అడిగి డాక్టరుకి తప్పక చెప్పండి, ఈ క్యాన్సర్‌కి అది ఒక కారణం కావచ్చు. కీమో మొదలుపెట్టకముందే హైపెక్ చేసే సర్జన్‌కి స్కాన్లూ బయాప్సీ స్లైడ్లూ చూపించండి.