మోడరేటర్ అయిన మేనకోడలికి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఫోన్లూ కంప్యూటర్ల గురించి మాట్లాడుకునే ఆ ఆన్‌లైన్ గ్రూపుకు నిన్ను మోడరేటర్‌గా, అంటే చర్చలు అదుపు తప్పకుండా చూసే మనిషిగా పెట్టారనీ, బ్యాటరీ ఛార్జింగ్ మీద అప్పుడే పెద్ద రగడ జరిగిందనీ, ఇరుపక్షాలూ నిన్నే తీర్పు చెప్పమంటున్నాయనీ రాశావు. ఎవరి పక్షాన మాట్లాడాలని అడిగావు. ఎవరి పక్షానా వద్దు. అంత మాత్రం చెప్పి ఊరుకుంటే నీకు ఉపయోగం లేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఈ పని చాలాకాలం చేసినదాన్ని. మెచ్చుకోలూ అందుకున్నాను, తిట్లూ తిన్నాను. తిట్లే ఎక్కువ, దానికి ముందే సిద్ధపడు.

ఆ బ్యాటరీ సంగతే తీసుకుందాం. ఫోను పూర్తిగా ఆరిపోయేదాకా వాడి, అప్పుడు నూరు శాతం నింపాలని ఒకాయన అంటున్నారు. అలా చేస్తేనే బ్యాటరీ దెబ్బతింటుందని ఇంకొకామె అంటున్నారు. ఆయన మాట గాలిలోంచి పుట్టింది కాదు. నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలో అది పనికొచ్చే సలహాయే. సగం వాడి నింపడం పదేపదే జరిగితే వాటి సామర్థ్యం తగ్గినట్టు కనిపించేది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చాక పరిస్థితి వేరు. దీనికి ఆ జబ్బు లేదనే చెప్పాలి. దీన్ని ఇబ్బంది పెట్టేవి వేడి, గంటల తరబడి నిండు ఛార్జితో ఉండడం, తరచూ పూర్తిగా ఖాళీ కావడం. అందుకే ఈమధ్య చాలా ఫోన్లలో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపుకొనే సెట్టింగు ఇస్తున్నారు. అంటే ఆమె చెప్పింది ఇప్పటి ఫోన్లకు సరైన మాట, ఆయన చెప్పింది వేరే వస్తువుకు సరైన మాట. ‘మీరు తప్పు’ అని ఆయనతో అంటే పంతానికి పోతారు. ‘మీరు చెబుతున్నది ఏ రకం బ్యాటరీ గురించి?’ అని అడిగి చూడు. ఆయనకే దారి దొరుకుతుంది, మర్యాదా మిగులుతుంది.

నువ్వు చూడబోయే సాంకేతిక తగవుల్లో సగానికి పైగా ఈ జాతివే. పాస్‌వర్డుల విషయం చూడు. ప్రతి మూడు నెలలకూ మార్చాలి, పెద్దక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి అని పట్టుబట్టేవారు మీ గ్రూపులోనూ ఉంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన మార్గదర్శకాల నుంచి ఆ పద్ధతి లోకమంతా పాకింది. 2017లో అదే సంస్థ మాట మార్చింది. పాస్‌వర్డు బయటపడిందనే ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించవద్దని చెప్పింది, అక్షరాల కూర్పు నిబంధనలనూ వదిలేసింది. 2003 నాటి పత్రం రాసిన బిల్ బర్ కూడా తను అప్పుడు చెప్పినదానికి చింతిస్తున్నానని 2017లోనే పత్రికలవారితో అన్నారు. ఊరికే మార్చమంటే జనం చివర అంకె ఒకటి పెంచి సరిపెడతారు, అసలు బలం పాస్‌వర్డు పొడవులోనే ఉంది. అయినా ఆఫీసులో ఇప్పటికీ మూడు నెలలకోసారి మార్పిస్తున్న మనిషి వచ్చి వాదిస్తే అతన్ని మొండివాడనుకోకు. అతని అనుభవం అతనిది.

కాబట్టి వాదం వేడెక్కుతున్నప్పుడు మోడరేటర్‌గా నీ మొదటి పని, అక్కడున్న అభిప్రాయాలను ఒక ప్రశ్నగా మార్చడం. ఏ పరికరం, ఏ సంవత్సరానిది, ఏ పనికి? పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు చెప్పకుండా లాగేయవచ్చా అన్నదానికి ‘అవును’, ‘కాదు’ అనే రెండు గుంపులు ఉంటాయి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి తొందరగా తీసేయడానికి వీలైన పద్ధతే ముందుగా అమర్చి ఉంటోంది. అయినా ఫైలు కాపీ అవుతూండగా లాగితే అది పాడుకావచ్చు. రెండు వాక్యాల్లో తేలే ఈ సంగతికి రెండు వందల మెసేజీలు నడవడానికి కారణం అడిగే తీరే.

తేలనివి వేరే ఉన్నాయి. ఆండ్రాయిడా ఐఫోనా, కోడు రాసేటప్పుడు వరుసలను లోపలికి జరపడానికి ట్యాబు మీటా ఖాళీలా. ప్రోగ్రాములు రాసేవాళ్లలో కోడు రాసుకునే విఐ, ఈమాక్స్ అనే రెండు ఎడిటర్ సాఫ్ట్‌వేర్ల మధ్య తగవు దశాబ్దాలుగా సాగుతోంది. రెండూ 1976లోనే పుట్టాయి. ఏది మంచిదో ఇప్పటిదాకా తేలలేదు, మీ గ్రూపులోనూ తేలదు. ఇక్కడ మనుషులు వాదించేది వస్తువు కోసం కాదు. దానికోసం పెట్టిన డబ్బు, నేర్చుకోవడానికి పెట్టిన కాలం, తోటివాళ్ల మధ్య తమ గుర్తింపు, ఇవన్నీ ఆ వాదంలో కలిసి ఉంటాయి. వీటిని నిషేధించవద్దు. ఒక మూల చోటిచ్చి అక్కడే ఆడుకోనివ్వు. కొత్తగా వచ్చిన మనిషి ‘నాకు ఏ ఫోను కొనాలో చెప్పండి’ అని అడిగిన చోటికి మాత్రం ఈ యుద్ధాన్ని రానివ్వకు. పాపం అతనికి సమాధానం దొరక్కముందే విసుగు పుడుతుంది.

కంప్యూటర్లు ఒక సంఖ్యలోని బైట్లను, అంటే దాని చిన్న ముక్కలను, ఏ కొస నుంచి పంపాలన్నదాని మీద కూడా ఒకప్పుడు ఇంజనీర్లు కత్తులు దూసుకున్నారు. 1980 ఏప్రిల్ 1న డానీ కోహెన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దాని గురించి ఒక వ్యాసం రాశారు. ఏ వరుస ఎంచుకున్నామన్నదానికన్నా అందరూ ఒకే వరుసకు ఒప్పుకోవడం ముఖ్యమన్నది అందులోని సారం. కొన్ని తగవుల్లో మోడరేటర్ ఈ మాట చెబితే చాలు. ‘రెండూ నడుస్తాయి, మన గ్రూపులో ఇది పాటిద్దాం’ అని ముగించెయ్యి.

చిన్న విషయాల దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరం. చిలికి చిలికి గాలివాన అయ్యేవి అవే. 1999లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్ల మధ్య, కాసేపు ఆగమని కంప్యూటర్‌కు చెప్పే స్లీప్ అనే చిన్న ఆదేశానికి సెకనులో భాగాలు కూడా ఇవ్వనివ్వాలా అన్న విషయం మీద భారీ చర్చ నడిచింది. వాళ్లలో ఒకరైన పాల్ హెనింగ్ కాంప్ విసిగిపోయి ఒక లేఖ రాశారు. అణు విద్యుత్ కేంద్రం కట్టాలంటే ఎవరికీ అర్థం కాదు గనుక నోరెత్తకుండా ఒప్పుకుంటారు, సైకిళ్ల షెడ్డుకు ఏ రంగు వేయాలంటే మాత్రం ప్రతి ఒక్కరికీ ఓ అభిప్రాయం ఉంటుంది అన్న పాత ఉదాహరణను ఆయన గుర్తుచేశారు. అప్పటినుంచి ప్రోగ్రామర్లు ఇలాంటి చర్చను సైకిల్ షెడ్డు చర్చే అంటున్నారు. గ్రూపు పేరు, లోగో, సెట్టింగుల రంగు లాంటివి వస్తే గడువు పెట్టు, ఓటు పెట్టు, మూసెయ్యి. మరీ ఆలోచించవద్దు.

భయాల మీద పుట్టే వాదనలు మరో రకం. ‘ఫోను మన మాటలు దొంగచాటుగా వింటోంది, అందుకే ఆ ప్రకటనలు వస్తున్నాయి’ అని ఒకరు, ‘అంతా భ్రమ’ అని ఒకరు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. రహస్యంగా మైకు తెరిచి మాటలు పంపిన దాఖలా దొరకలేదు. కానీ కొన్ని యాప్‌లు స్క్రీను మీద జరిగేదాన్ని రికార్డు చేసి బయటి కంపెనీలకు పంపుతున్నట్టు కనిపెట్టారు. చూశావా, భయపడినవారి అనుమానం సరైన చోట లేదు, అంతమాత్రాన ఊహ పూర్తిగా వట్టిదీ కాదు. ఇలాంటివారిని ఎగతాళి చేసే మెసేజీలు ఆపు. ‘మీరు అనుకుంటున్నది ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి, దానికి ఆధారం చూద్దాం’ అని అడుగు.

ఇక తొలగింపు గురించి. నీకు నిద్ర పట్టనివ్వనిది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

తొలగించేది అభిప్రాయాన్ని కాదు, ప్రవర్తనను. ఎవరు ఒప్పో అడగకుండా పనిచేసే నిబంధనలే నీకు కావాలి. వికీపీడియాలో ఒకటుంది. ఒకే పేజీలో ఒక వ్యక్తి ఇతరుల మార్పులను 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పితే అతన్ని కొంతకాలం ఆపవచ్చు. అతని మార్పు సరైనదే కావచ్చుగాక, ఆ నిబంధన అది అడగదు. అది అడగకపోవడమే దాని బలం. మీ గ్రూపులో కూడా ఒకే మాటను పదిచోట్ల అతికించడం, మనిషి చదువునో పుట్టుకనో ఎత్తి మాట్లాడడం, ఇతరుల ఫోన్ నంబర్లు, ప్రైవేటు సంభాషణల స్క్రీన్‌షాట్లు పెట్టడం, వీటికి చర్చలో ఎవరి పక్షమో చూడనక్కర్లేదు. ఆ నంబర్లూ స్క్రీన్‌షాట్లూ కనిపిస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయవద్దు, ముందు తీసి తర్వాత మాట్లాడు. మిగిలినవాటికి ముందు మాట్లాడు.

తీసేస్తే కారణం చెప్పు. ఏ నిబంధన, ఏ వాక్యం, తిరిగి అడగాలంటే ఎవరిని అడగాలి. ఐరోపా సమాఖ్య డిజిటల్ సేవల చట్టం ఇప్పుడు ఆన్‌లైన్ వేదికలు ఎవరి పోస్టునైనా తొలగిస్తే కారణం తెలపాలని నిర్దేశిస్తోంది. అంతకుముందే 2018లో శాంటా క్లారా సూత్రాల పేరుతో హక్కుల సంస్థలూ పండితులూ కలిసి అడిగింది మూడే: ఎన్ని తీశారో లెక్క చెప్పండి, తీసినప్పుడు ఆ మనిషికి తెలియజేయండి, మళ్లీ అడిగే అవకాశం ఇవ్వండి. పెద్ద కంపెనీలే చేయగలిగినది కొద్దిమంది ఉన్న గ్రూపులో చేయలేమంటే ఎవరూ నమ్మరు.

ఒక పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఎవరి పోస్టు వారికి కనిపిస్తూ, మిగిలినవారికి కనిపించకుండా చేసే చాటుమాటు నిషేధం. పాము చావదు, కర్ర విరగదు అనుకుంటారు వాడేవాళ్లు. ఆ మనిషి తనను ఎవరూ పట్టించుకోవడం లేదని కొన్నాళ్లు కుమిలి, తర్వాత సంగతి తెలుసుకుని మండిపడతాడు. స్వయంచాలకంగా ప్రకటనలు పోసే నకిలీ ఖాతాల మీద వాడితే వాడు, మనుషుల మీద వద్దు.

నిబంధనలు ఎక్కడో దాచకు. 2019లో నేథన్ మటియాస్ అనే పరిశోధకుడి పరిశీలన ప్రచురితమైంది. రెడిట్ అనే చర్చా వేదికలో విజ్ఞాన శాస్త్రం చర్చించే పెద్ద సమూహంలో కొన్ని చర్చలకు నెత్తిన నిబంధనలు కనిపించేలా పెట్టారు, కొన్నింటికి పెట్టలేదు. పెట్టినచోట కొత్తవారు నిబంధనలు పాటించడం 8 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. ముందుగా చెబితే జనం బెదిరి పారిపోతారనుకుంటాం కదా, అక్కడ కొత్తవారు మాట్లాడడం కూడా పెరిగింది. ఐదారు వాక్యాలు చాలు. ఇరవై రాస్తే ఎవరూ చదవరు, వకీలు బుద్ధి ఉన్నవాడొక్కడు చదివి నీతోనే వాదిస్తాడు.

‘ఒక్కటి తొలగించారంటే మిగిలినవన్నీ మీరు ఒప్పుకున్నట్టే’ అనేవాడు కూడా తప్పక ఎదురవుతాడు. ఈ వాదానికి చరిత్ర ఉంది. 1995లో న్యూయార్క్ కోర్టు ఒకటి సరిగ్గా ఇలాగే ఆలోచించి, పోస్టులను పర్యవేక్షిస్తున్నారన్న కారణంతోనే ప్రాడిజీ అనే ఆన్‌లైన్ సేవల సంస్థను, సభ్యుల రాతలకు బాధ్యత వహించాల్సిన ప్రచురణకర్తగా లెక్కించింది. చూడకుండా వదిలేసినవాడు క్షేమం, శుభ్రం చేసినవాడు దోషి అన్నట్టయింది. మరుసటి ఏడాది 1996లో అమెరికా చట్టం చేసి దాన్ని సరిదిద్దుకుంది. చట్టాలు దేశానికొక రకంగా ఉంటాయి గానీ, ఆ వాదంలోని వంకర ఎక్కడైనా ఒకటే. తొలగించినదానికి జవాబు చెప్పు, తొలగించనిదంతా నీ అభిప్రాయమని మాత్రం ఒప్పుకోకు.

ఈమధ్య కొత్త తలనొప్పి ఒకటి వచ్చింది. అడిగిన ప్రశ్నను చాట్‌జీపీటీ లాంటి దానికిచ్చి, వచ్చిన జవాబును చదవనైనా చదవకుండా అతికించడం. ప్రోగ్రామర్ల ప్రశ్నలకు జవాబులిచ్చే స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే దాన్ని నిషేధించింది. జవాబులు చూడ్డానికి చక్కగా ఉంటాయి, తప్పులు ఎక్కువ, క్షణంలో పుట్టుకొస్తాయి, సరిచూసేవారికేమో గంటలు పడతాయి. నన్నడిగితే యంత్రం రాసిందా మనిషి రాశాడా అని వెతకడం దండగ. ‘మీ పరికరంలో చేసి చూశారా?’ అని అడుగు. చూసి ఉంటే ఉంచు, లేకపోతే తీసెయ్యి.

నీకంటూ అభిప్రాయాలు ఉంటాయి, ఉండాలి కూడా. చర్చలో దిగితే సభ్యురాలిగా దిగు, ఆ చర్చలో తొలగించే అధికారం నువ్వు వాడకు. అక్కడ నిన్ను తిట్టినవాడి సంగతి ఇంకో మోడరేటర్ చూడాలి. ఇంకో మోడరేటర్ లేరంటావేమో. అయితే వెతుక్కో, నీతో ఏకీభవించని మనిషైతే మరీ మంచిది. ఒంటరిగా చేసే పని కాదిది. జీతానికి రోజంతా ఇలాంటి చెత్త చూసినవాళ్లు మానసికంగా దెబ్బతిని కోర్టుకెక్కితే, 2020లో ఫేస్‌బుక్ అమెరికాలోని మోడరేటర్లకు 5.2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. నీది అంత భయంకరమైన పని కాదని తెలుసు, అయినా రాత్రి పడుకునే ముందు ఆ గ్రూపు తెరవకు.

ఎవరినైనా ఆపాల్సి వస్తే తేదీ చెప్పి ఆపు. మొదటిసారి ఒక రోజు, తర్వాత వారం, ఆపైన నెల. తిరిగొచ్చాక పాత సంగతి గ్రూపులో ఎవరూ ఎత్తకుండా చూడు, నువ్వూ ఎత్తకు. శాశ్వతంగా పంపాల్సిన పరిస్థితి వస్తే ఆ నిర్ణయం ఒక్కదానివే తీసుకోకు, ఆ రోజే తీసుకోకు. మీ నిబంధనల ముసాయిదా రాశాక నాకు పంపు, ఎర్రసిరాతో తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య