విసుగు పుట్టించే ఉద్యోగం వదిలి ఇష్టమైన కళలోకి వెళ్లవచ్చా? కలంకారీ నేర్చుకున్న నా అనుభవం

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నాననీ, జీతానికి లోటు లేకపోయినా చేసే పనిలో అర్థం కనిపించడం లేదనీ రాశారు. చిన్నప్పటి నుంచి ఇష్టమైన బొమ్మలు వేయడాన్నే నమ్ముకుని ఉద్యోగం వదిలితే మనశ్శాంతి దొరుకుతుందా, కాలం కలిసివస్తుందా అని అడిగారు. నా సమాధానం ముందే చెబుతాను. కళ వైపు తప్పకుండా వెళ్లండి, ఉద్యోగం మాత్రం ఇప్పుడే వదలకండి. ఇది జీతం పోతుందన్న భయంతో చెప్పే మాట కాదు. ఈరోజు మీకు విసుగు పుట్టిస్తున్న ఆ పనితనమే రేపు మీ కళకు అక్కరకు రావచ్చు. నా విషయంలో జరిగింది అదే.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. నలభై దాటి, పిల్లల చదువులు ఒక దారిన పడ్డాక, ఆదివారాలు శ్రీకాళహస్తికి వెళ్లి ఒక కళాకారుల కుటుంబం దగ్గర కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో సహజ రంగుల బొమ్మలు వేసే కళ, నేర్చుకోవడం మొదలుపెట్టాను. తిరుపతి నుంచి సుమారు 40 కిలోమీటర్లు, బస్సులో గంట ప్రయాణం. అప్పటికి చాలాకాలంగా నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. నెలాఖరు లెక్కలు కలలో కూడా వెంటపడేవి.

కలంకారీ కలం చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. వెదురు పుల్లను మొనదేల్చి, మొనకు కాస్త పైన ఉన్నిని గానీ గుడ్డ పీలికలను గానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టు రంగును పీల్చుకుని ఉంటుంది, వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు మొనకు దిగుతుంది. నొక్కడంలో ఏమాత్రం తేడా వచ్చినా గీత లావెక్కుతుంది, లేదా మధ్యలో తెగిపోతుంది. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెట్టిన గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ) మీద, ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవంతో గీత గీస్తే, పలచగా కనిపించిన ఆ నీరే కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. పాలలోని కొవ్వు ఆ నలుపును పక్కలకు పాకనివ్వదు. ఒక్క పూట ఆ పని చేసి ఇంటికి వెళ్తే నాకు ఒళ్లెరగని నిద్ర పట్టేది. చేతి వేళ్లు, కళ్లు, ఊపిరి అన్నీ ఒకే గీత మీద ఉన్నప్పుడు మనసుకు పరుగెత్తే తీరిక ఉండదనే నేను అనుకుంటున్నాను. దీన్ని వైద్యమని మాత్రం చెప్పను. దిగులు వారాల తరబడి వదలకుండా ఉంటే కళ కన్నా ముందు డాక్టరును కలవండి.

ఎరుపు రంగు వ్యవహారం మరీ ఓపిక కోరుతుంది. ఎరుపు రావలసిన చోట ముందుగా పటిక నీళ్లు కలంతో పూసి, బాగా ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, ఆ తరువాత మంజిష్ఠ వంటి వేర్ల రంగు కలిపిన నీళ్లలో ఉడికిస్తారు. పటిక పడినచోటే ఎరుపు నిలబడుతుంది. నిలవ నీళ్లలో జాడిస్తే విడిపోయిన పటిక పక్కకు పాకి అక్కడ కూడా ఎరుపెక్కుతుంది. అందుకే మా మాస్టారు "సగం పని నీళ్లే చేస్తాయమ్మా, వాటి దగ్గర తొందరపడకూడదు" అనేవారు. ఊరి పక్కన పారే స్వర్ణముఖి నది చాలా నెలలు ఎండిపోయే ఉంటుంది కాబట్టి ఆ ఇంట్లో బోరు నీళ్లు వదిలి జాడించేవారు. ఆ పనంతా ఇంటి ఆడవాళ్లదే.

కాలం కలిసిరావడం గురించి మీరు అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇక్కడే మొదలవుతుంది. ఒకరోజు మాస్టారి కోడలు ధరలు రాసుకునే నోటుపుస్తకం నా చేతికి వచ్చింది. గాడా గుడ్డ, కరక్కాయ, పాలు, పటిక, బెల్లం, పొయ్యికి కట్టెలు అన్నీ విడివిడిగా రాసి ఉన్నాయి. బొమ్మ వేసినవారి కూలి కూడా ఉంది. తడిసి బరువెక్కిన గుడ్డను మోసి, జాడించి, ఉడికించి, ఎండకు పరిచి, ఆరిపోకుండా మళ్లీ మళ్లీ నీళ్లు చిలకరించినవారి పని మాత్రం ఏ వరుసలోనూ లేదు. కొనేవారు బేరమాడినప్పుడు తగ్గించేది కూడా కూలిలోనే. ఆఫీసులో ఏళ్ల తరబడి అన్యమనస్కంగా చేసిన వ్యయ లెక్కలనే, ఆ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, ప్రతి ఉతుకుకూ ఎవరికి ఎన్ని గంటలు పట్టాయో అడుగుతూ మొదటి నుంచి రాశాను. తరువాత వచ్చిన ఒక దుకాణదారుకు ఆ లెక్కను దాచకుండా చూపించి కొత్త ధర చెబితే, మేము భయపడినంత పేచీ లేకుండా ఒప్పుకున్నారు.

ఆ మాట వీధిలో పాకింది. ఇప్పుడు కొన్ని కుటుంబాలకు లెక్కలు, జీఎస్టీ కాగితాలు, హస్తకళాకారుల గుర్తింపు కార్డుకూ ప్రదర్శనల్లో స్టాళ్లకూ దరఖాస్తులు నేనే చూస్తున్నాను, వారు శక్తి కొద్దీ ఇస్తున్నారు. నేను వేసిన గుడ్డలు కూడా కొన్ని అమ్ముడుపోయాయి గానీ, వాటి మీద ఇల్లు గడవదు. సహజ రంగులతో ఒక పెద్ద గుడ్డ పూర్తి కావడానికి వారాలు పడుతుంది. అదే బొమ్మను స్క్రీన్ ప్రింటింగ్‌లో అచ్చువేసి కలంకారీ పేరుతోనే చవకగా అమ్ముతున్నారు. మీరు ఉద్యోగం వదలాలనుకునే ముందు ఈ పోటీని కళ్లారా చూడాలని నా కోరిక.

ఇందులో నాకు బలమిచ్చిన చరిత్ర కూడా ఉంది. గత శతాబ్దం మధ్యనాటికి శ్రీకాళహస్తిలో ఈ విద్య తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. అఖిల భారత హస్తకళల బోర్డుకు అధ్యక్షురాలిగా ఉన్న కమలాదేవి చట్టోపాధ్యాయ గారి చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అందులో విద్య నేర్పారు. ఆయన కుమారుడు గుర్రప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ లభించింది. కలం పట్టినవారి గొప్పతనం కళ్లకు కనిపిస్తుంది. అయితే వారికి చోటు, జీతం, శిష్యులు దొరికేలా ఏర్పాట్లు చేసినవారు లేకపోతే ఆ విద్య మన తరం దాకా వచ్చేదే కాదని నేను గట్టిగా నమ్ముతాను. అప్పటి నుంచి లెక్కలు రాసే నా పని నాకు చిన్నదిగా కనిపించడం మానేసింది. సోమవారం ఆఫీసులో షీటు తెరిచినప్పుడు కూడా ఆ అంకె వెనుక ఎవరి చేతులు ఉన్నాయో అని చూస్తున్నాను.

మీకు బొమ్మల మీద ఇష్టం ఉంది, హైదరాబాదులో ఉన్నారు కాబట్టి, సిద్దిపేట జిల్లా చేర్యాలకు వెళ్లి గుడ్డ మీద కథలను బొమ్మలుగా వేసే నకాషీ చిత్రకారుల పని చూడండి. మొదటి రోజే బొమ్మ వేయడం నేర్పమని అడగకండి. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల జిగురు కలిపి పూత పూసే పని ఇవ్వమనండి, అది ఆరేలోపు వారితో మాట్లాడే తీరిక దొరుకుతుంది. లోపాలు పట్టడం మీ వృత్తి కదా, పూతలో ఎక్కడ పగులుతోందో, అమ్మకంలో ఎక్కడ నష్టపోతున్నారో అడిగి తెలుసుకోండి. కొన్ని నెలలు అలా వెళ్లివచ్చాక, ఉద్యోగం సంగతి మళ్లీ అడగండి, అప్పుడు ఇంకాస్త వివరంగా మాట్లాడుకుందాం.