డిడ్ వచ్చాక వెంట్ ఎందుకు?

ప్రశ్న: తెలుగు మీడియంలో డిగ్రీ చేశాను. తప్పని తెలిసినా ‘డిడ్ యూ వెంట్’ అనేస్తున్నాను. ఎలా మానుకోవాలి?
– ఓ పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: ‘నిన్న విజయనగరం వెళ్ళావా?’ అని అడిగినప్పుడు మన క్రియలోనే గతం ఉంటుంది. ఆ అలవాటుకే ‘వెంట్’ నోటికొస్తుంది. ఇంగ్లిష్ ప్రశ్నలో గతం బరువంతా ‘డిడ్’ మీదే. క్రియ మొదటి రూపంలో ఉండాలి: ‘డిడ్ యూ గో టు విజయనగరం ఎస్టర్‌డే?’ జవాబులో డిడ్ ఉండదు కాబట్టి వెంట్ తిరిగొస్తుంది: ‘ఎస్, ఐ వెంట్ బై ట్రైన్.’ లేదని చెప్పడానికి మాత్రం మన తెలుగే సాయం. ‘వెళ్ళలేదు’లో ‘వెళ్ళ’కు గతం గుర్తు లేదు కదా, ‘డిడ్ నాట్ గో’ కూడా అంతే.

‘హూ కేమ్?’ లాంటి ప్రశ్నలకు డిడ్ అక్కర్లేదు. వచ్చినవాళ్ళ గురించే అడుగుతున్నాం గనక. ‘వాజ్, వర్’కూ అక్కర్లేదు: ‘వర్ యూ ఎట్ హోమ్?’

గో–వెంట్–గాన్ పట్టిక బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతుందేమో గానీ నోరు తిరగదు. రోజుకు ఐదు క్రియలు తీసుకుని, ఒక్కోదానితో చెప్పే వాక్యం, అడిగే వాక్యం, కాదనే వాక్యం పైకి అనండి.

నిన్న, మొన్న, 2019లో అని సమయం చెప్పాక ‘హావ్ సీన్’ వద్దు, ‘సా’ అనాలి.

‘వర్కెడ్’ అనకండి, ‘వర్క్ట్’ అనాలి. ట, డ శబ్దాలతో ముగిసే క్రియలకే చివర ‘ఇడ్’ పలుకుతుంది: వాంటిడ్, నీడిడ్.