మీ నాన్న షష్టిపూర్తి గురించి బందరు అత్తయ్య రాసిన ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలిని ఆశీర్వదించి మీ బందరు అత్తయ్య వ్రాయునది. ఇక్కడ మీ మామయ్య, నేను క్షేమం.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "వదినా, ఈ మాట ఎవరికీ చెప్పకండి" అంటూనే మొత్తం చెప్పేసింది. జూలై 1వ తేదీన మీ నాన్నకు తెలియకుండా విజయవాడలో హాలు తీసుకుంటున్నావనీ, అమెరికా నుంచి మీ అన్నయ్యను రప్పిస్తున్నావనీ, తమ్ముడు లోపలికి అడుగుపెట్టగానే లైట్లన్నీ ఆర్పి ఒక్కసారిగా వెలిగించి అందరూ కేకలు వేస్తారనీ విని, నాకు ఒక కన్ను నవ్వింది, ఇంకొక కన్ను బెదిరింది. తండ్రికి ఇంత చెయ్యాలని నీకు తోచినందుకు గర్వంగానే ఉంది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు కనుక, ఫోనులో చెబితే సగం మరిచిపోతానని కాగితం తీసుకున్నాను.

ముందు తేదీ సంగతి. జూలై 1 మీ నాన్న పుట్టినరోజు కాదు. అది బడి పుట్టినరోజు. 1971లో ఒకటో తరగతిలో చేర్చడానికి మా నాన్నగారు వాణ్ణి తీసుకువెళ్ళినప్పుడు వాడికి ఐదేళ్ళు నిండలేదు. నిండినట్లు ఉండాలని హెడ్మాస్టరుగారు 1-7-1966 అని రాసుకున్నారు, ఆ తేదీయే సర్టిఫికెట్లలోకీ, చివరికి ఆధార్ కార్డులోకీ ఎక్కింది. ఆ తరంలో పల్లెటూరి బడిలో చదివిన వాళ్ళలో సగంమంది జూన్, జూలై నెలల్లోనే పుట్టినట్లు కనబడతారు. నీ తండ్రి పుట్టింది పరాభవ నామ సంవత్సరం కార్తీక మాసంలో, నాగుల చవితి మరునాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ముందురోజు పుట్టలో పాలు పోసి వచ్చి, మిగిలిన చిమ్మిలి, చలిమిడి మరునాడు తింటుండగా మంత్రసాని బయటికి వచ్చి తమ్ముడన్నది. ఆ పరాభవ అరవై ఏళ్ళు తిరిగి ఈ ఉగాదికి మళ్ళీ వచ్చింది. అంటే వాడికి అరవై నిండేది ఈ కార్తీకంలో, జూలైలో కాదు. హాలు అడ్వాన్సు తిరిగి రాకపోతే పోనీ, తేదీ మార్చు. తిథి ప్రకారమా, నక్షత్రం ప్రకారమా అన్నది మీ ఇంటి పురోహితుణ్ణి అడుగు, ఒక్కొక్క ఇంట ఒక్కొక్క పద్ధతి ఉంటుంది.

పురోహితుడనగానే రెండో సంగతి. షష్టిపూర్తిని దాచిపెట్టి చెయ్యడం కుదరదు. ఉగ్రరథ శాంతి అంటే దంపతులు పీటల మీద కూర్చుని, తమ నోటితో సంకల్పం చెప్పుకుని, హోమం చేసి, కలశ జలాలతో అభిషేకం చేయించుకుని, మళ్ళీ మంగళసూత్రం కట్టించుకునే క్రతువు. మనిషిని మాయ చేసి పీటల మీద కూర్చోబెడతామా? పైగా అదంతా అయ్యేదాకా ఉపవాసం. మీ నాన్న షుగరు మాత్రలు వేసుకుంటున్నాడు కనుక ఎప్పుడు తినాలో డాక్టరును ముందే అడిగి, హోమం తెల్లవారుజామునే మొదలుపెట్టించు. కనుక పొద్దుటి కార్యక్రమం వాడికి తెలిసే, వాడు ఒప్పుకున్నాకే జరగాలి. నీ ఆశ్చర్యాలన్నీ సాయంత్రానికి పెట్టుకో. పొద్దున్నతో అంతా అయిపోయిందని అనుకుంటున్న మనిషి సాయంత్రం మరొకటి ఉంటుందని అనుమానించడు. నీ రహస్యానికి అంతకంటే మంచి కాపలా లేదు.

ఇక నన్ను నిద్ర పోనివ్వని సంగతి. తండ్రిని హాలు దగ్గరికి ఏమని చెప్పి తీసుకువస్తారని అడిగితే, "ఎవరికో ఒంట్లో బాగాలేదని చెబుతారట" అన్నది మీ అమ్మ. తల్లీ, ఆ పని మాత్రం చెయ్యవద్దు. మీ మామయ్య షష్టిపూర్తి నాటికి నువ్వు చదువుల్లో ఉన్నావు, రాలేదు. వచ్చిన వాళ్ళు కూడా ఫోటోలు చూసి బాగా జరిగిందనే అనుకుంటారు. అది 2012. మా మరిది మనసు వెన్న, అన్నగారంటే ప్రాణం. విజయవాడలో తన ఇంటి దగ్గరే అంతా ఏర్పాటు చేశాడు. ఆడవాళ్ళ నోట మాట దాగదని నాకు కూడా చెప్పలేదు (ఇంట్లో ఏ మాటా దాచలేనిది మీ మామయ్యేనన్న సంగతి అతనికి గుర్తురాలేదు కాబోలు). ఆ రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, "అమ్మకు బాగాలేదు, మీరిద్దరూ వెంటనే బయలుదేరండి" అని పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు. మా అత్తగారికి అప్పటికే ఎనభై దాటాయి.

మీ మామయ్య అన్నం ముందు నుంచి లేచి, ఇంట్లో వేసుకునే చొక్కాతోనే బస్సెక్కారు. బీపీ మాత్ర బల్ల మీదే ఉండిపోయింది. బందరు నుంచి బెజవాడ 70 కిలోమీటర్లు. ఆ దారి పొడవునా ఆయన ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నారే గాని ఒక్క మాట మాట్లాడలేదు. పామర్రు దాటాక మాత్రం, "మొన్న రమ్మన్నప్పుడు వెళ్ళాల్సింది" అన్నారు. ఆటో దిగి వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు షామియానా, దాని కింద వరసగా కుర్చీలు, గుంపుగా జనం. ఒంట్లో బాగాలేని పెద్దమ్మ ఉన్న ఇంటి ముందు షామియానా కనబడితే మనవాళ్ళు ఏమనుకుంటారో నీకు చెప్పాలా? ఆయన అక్కడే, రోడ్డు మీదే, మోకాళ్ళ మీద కూలబడ్డారు. జనమేమో చప్పట్లు కొడుతూ ఎదురొచ్చారు. వాళ్ళ వెనకాల మా అత్తగారు పట్టుచీర కట్టుకుని హారతి పళ్ళెంతో నిలబడి ఉన్నారు.

తల్లిని చూశాక ఆయన ఏడ్చారు. ఫోటోగ్రాఫరు దాన్ని ఆనందబాష్పాలనుకుని దగ్గరికి వచ్చి మరీ తీశాడు. ఆ రాత్రి ఆయన విస్తరి ముందు కూర్చున్నారే గాని తినలేదు. అందరూ వెళ్ళాక మా అత్తగారికి ఎవరో జరిగింది చెప్పారు. ఆవిడ మా మరిదిని పిలిచి, "నేను పోకముందే నన్ను మీ అన్నకు పోగొట్టావు కదరా" అన్నారు. అతను తల ఎత్తలేదు. డబ్బు బాగా ఖర్చు పెట్టాడు, నెల రోజులు తిరిగాడు, బంధువుల్లో ఒక్కరిని మరిచిపోలేదు. ఒక్క అబద్ధం ఎంచుకోవడంలో తప్పాడు. ఆ తరవాత అత్తగారు ఉన్నంత కాలం, తమ్ముడి ఫోన్ వస్తే మీ మామయ్య హలో అనడం మానేసి, "అమ్మ ఎలా ఉంది?" అని మొదలుపెట్టేవారు.

కనుక అబద్ధం ఆడక తప్పకపోతే చప్పగా ఉండేది ఆడు. మీ నాన్నను సాయంత్రం కృష్ణ ఒడ్డుకు కార్తీక దీపం పెట్టడానికి తీసుకువెళ్ళండి, అది అబద్ధం కూడా కాదు. వచ్చేటప్పుడు, పిల్లలకు ఆకలిగా ఉంది, దారిలో ఎక్కడైనా తినేసి వెళదామంటే వాడు కాదనడు.

లైట్లు ఆర్పవద్దని కూడా ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను, మీ నాన్న ఎప్పుడూ చెప్పి ఉండడు. 1977 నవంబరు 19, శనివారం. వాడికి పదకొండు నిండి వారం కాలేదు. ఆ ఉప్పెనలో మా దివిసీమలో హంసలదీవి, సొర్లగొంది వైపు ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి, వేలమంది పోయారు. మేము అవనిగడ్డలో పక్కవాళ్ళ డాబా ఇంట్లో తలదాచుకున్నాం. ఏ దీపమూ నిలవని ఆ చీకట్లో, గాలి హోరులో, ఎవరో ఒకరు కేక వేసినప్పుడల్లా వాడు నా పమిట కొంగు ఇంకాస్త గుంజేవాడు. తెల్లవారి చూస్తే కొంగు చిరిగి ఉంది. అరవై ఏళ్ళ మగవాడు చీకటికి భయపడతాడా అని నువ్వు నవ్వవచ్చు. కరెంటు పోతే వాడు ఇప్పటికీ ముందు టార్చిలైటు ఎక్కడుందో వెతుక్కుంటాడు, గమనించు. లైట్లు వెలుగుతూనే ఉండనివ్వు. వాడు లోపలికి రాగానే ఎదురుగా అవనిగడ్డ హైస్కూల్లో తనతో పదో తరగతి చదివిన స్నేహితులు ముగ్గురో నలుగురో మాటల్లో ఉండి తలతిప్పి చూస్తే చాలు. వాడు తలుపు దగ్గరే ఆగిపోతాడు. ఏ కేకలూ అక్కరలేదు. ముఖాన నురుగు కొట్టడం, చెవి పక్కన కాగితపు తునకల గొట్టాలు పేల్చడం లాంటివి పిల్లల పుట్టినరోజులకు దాచుకోండి.

మీ అన్నయ్య విషయం. వాడు సరిగ్గా ఆ సాయంత్రమే దిగేలా టికెట్టు తీసుకోవద్దు. విమానం ఆలస్యమైతే నువ్వు గుమ్మం వైపు, మీ అమ్మ ఫోను వైపు చూస్తూ ఉంటారు, మీ నాన్న మీ ఇద్దరి ముఖాలూ చూస్తూ ఉంటాడు. ముందురోజు రాత్రికే ఇంటికి వచ్చి, పొద్దున హోమంలో కొడుకుగా పక్కన కూర్చోనివ్వు. కొడుకు ఇంట్లో ఉన్నాడన్న సంతోషంలో మీ నాన్న సాయంత్రం సంగతి అసలు పట్టించుకోడు.

భోజనం గురించి ఎక్కువ చెప్పను. కార్తీక మాసం కనుక బిరియాని మాట ఎత్తకు. వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది ఆ నెల ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. సాయంత్రం విందు మరో రోజుకు జరపాల్సి వస్తే సోమవారం మాత్రం వద్దు, ఉపవాసాలు ఉంటారు. పులిహోర, పూర్ణం బూరెలు, పెరుగు గారెలు ఉంటే సరిపోతుంది. మీ నాన్నకు బూరె ఒక్కటే, రెండోది అడిగినా పెట్టవద్దు. కేకు నీ ఇష్టం, కొవ్వొత్తులు ఊదించడం మాత్రం నాకు నచ్చదు. ఇంకొకటి, హాలుకు డబ్బు కట్టేటప్పుడు చూసుకో. మీ అమ్మ బ్యాంకు ఖాతాకు మీ నాన్న నంబరే ఇచ్చి ఉంటే మెసేజి నేరుగా వాడికే వెళుతుంది.

ఆ పిల్లవాడు, నీ తండ్రి, ఇంతకాలం ఎవరి చేతా ఏమీ చేయించుకోలేదు. నా పెళ్ళికి కొన్న బిందెలు నెత్తిన పెట్టుకుని బస్టాండు దాకా మోసిన వాడు. అలాంటి వాళ్ళకు ఇవ్వడం కన్నా వాళ్ళు పుచ్చుకునేలా చెయ్యడం కష్టం. అందుకే నీ మీద ఇంత గదమాయింపు, ఏమనుకోకు.

నేను రెండు రోజుల ముందే వస్తాను, బందరు లడ్డూలు నేనే తెస్తాను. పీటల మీద హారతి ఇచ్చేది ఆడపడుచునే కనుక నా కట్నం నాకు ముట్టాలని మీ అమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచు, చీర రంగు నేనే చెబుతాను. పురోహితునితో మాట్లాడి ముహూర్తం తెలియగానే నాకు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపల చెయ్యి, అప్పుడు మీ మామయ్య పడుకుని ఉంటారు. సాయంత్రమైతే ఫోను ఆయనే ఎత్తుతారు, ఎత్తితే ఆ రాత్రికే మీ నాన్నకు తెలిసిపోతుంది.

ఆశీస్సులతో,
మీ బందరు అత్తయ్య