ముద్దాయి అంటే దోషేనా?

సందేహం: చరిత్రలో, సాహిత్యంలో పేరుపడ్డ విచారణల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. సోక్రటీస్‌ను ఒకచోట నిందితుడనీ, ఇంకోచోట ముద్దాయి అనీ, చివర్లో దోషి అనీ రాశాను. చదివిన మిత్రుడు "మూడూ ఒకటే కదా, ఏదో ఒక మాట మీద ఉండు" అన్నాడు. ఇంకొకరు "సోక్రటీస్‌ను దోషి అంటావా?" అని కోప్పడ్డారు. ఫ్రెంచి సైనికాధికారి డ్రేఫస్ గురించి "క్షమాభిక్ష పొంది నిర్దోషిగా బయటపడ్డాడు" అని రాస్తే అదీ తప్పన్నారు. చివర్లో "ఈ నేరస్తులే తర్వాత మహనీయులయ్యారు" అన్న వాక్యం కూడా పెట్టాను. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

సమాధానం: ముందు మీ మిత్రుడి సలహా పక్కన పెట్టండి. ఆ మూడూ ఒకటి కావు. నిందితుడికీ ముద్దాయికీ తేడా తక్కువే, కానీ ఆ రెండింటికీ దోషికీ మధ్య ఒక తీర్పు ఉంటుంది. అది రాకముందే దోషి అని రాశారంటే జడ్జీ కుర్చీలో మీరే కూర్చున్నారన్నమాట. పేపర్లలో, టీవీల్లో రోజూ జరిగేది ఇదే, అరెస్టయిన రోజు సాయంత్రానికే మనిషి "దోషి" అయిపోతాడు.

నిందితుడు అంటే నింద పడినవాడు, అంతవరకే. ఆ మాట చివరి 'ఇత' కర్మార్థంలో వస్తుంది, అంటే ఇక్కడ పని చేసింది ఇతను కాదు, ఎవరో ఇతన్ని నిందించారు. ఇతను తప్పు చేశాడా లేదా అన్న విషయం జోలికి ఆ మాట పోదు. ఆ సంగతి చెప్పాలంటే నింద్యుడు అనే ఇంకో మాట ఉంది, నిందించదగినవాడు అని. ఈ రెండింటి మధ్య ఒక్క ప్రత్యయం తేడా, కానీ ఒకటి ఎదుటివాళ్ల నోటి గురించి, రెండోది ఇతని నడత గురించి. శమంతకమణి కథలో కృష్ణుడు నిందితుడు, నింద్యుడు కాదు. ప్రసేనుణ్ణి సింహం చంపింది, సింహాన్ని జాంబవంతుడు చంపి మణి పట్టుకుపోయాడు, ఊళ్లో మాత్రం కృష్ణుడే మణి కోసం చంపాడన్నారు. దాన్ని నీలాపనింద అంటాం. అక్కడ కోర్టు లేదు, తీర్పూ లేదు, నింద పడ్డవాడే అడవికి పోయి సాక్ష్యం వెతుక్కోవలసి వచ్చింది. ఇప్పుడైతే రుజువు చేయాల్సిన భారం నింద మోపినవాడి మీద ఉంటుంది. ద్వారకలో ఆ వీలు దేవుడికి కూడా దొరకలేదు.

ఈ కథ దగ్గర ఇంకో మాట, మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. తెలుగులో 'ట' అని ఒక చిన్న అక్షరం ఉంది. "చంపాడు" వేరు, "చంపాడట" వేరు. నేను చూడలేదు, విన్నది చెబుతున్నాను అని ఆ ఒక్క 'ట'తో చెప్పేస్తాం. విచారణల గురించి రాసేవాళ్లకి ఇంతకన్నా పదునైన పనిముట్టు ఉండదు. అయితే ఆ 'ట' కాపాడేది మాట్లాడేవాణ్ణే, నింద పడ్డవాణ్ణి కాదు. "కృష్ణుడే చంపాడట" అని పదిమంది అంటే పదకొండోవాడి చెవికి 'ట' వినిపించదు. వార్తా రచనలో ఈ 'ట' నడవదు కాబట్టి "ఆరోపణ", "అని పోలీసుల కథనం", "అని అభియోగం" అంటారు. అవి తీసేస్తే వాక్యం చిన్నదై చదవడానికి బాగుంటుంది, కాబట్టి తీసేయాలనిపిస్తుంది. తీయకండి. మీ వ్యాసంలో "సోక్రటీస్ యువకులను చెడగొట్టాడు, అందుకు శిక్ష పడింది" అన్న వాక్యం ఉందనుకోండి, అందులో మొదటి ముక్క ఏథెన్సు కోర్టు మాట కాస్తా మీ మాట అయిపోతుంది. "చెడగొట్టాడన్న అభియోగం మీద శిక్ష పడింది" అంటే చాలు.

నింద ఉంటే అది ఫలానా పని గురించి ఉండాలి కదా అని మీకు అనిపించవచ్చు. సాధారణంగా అంతే. కానీ 1925లో వచ్చిన కాఫ్కా నవలలో యోసెఫ్ కె. అనే అతన్ని ఒక ఉదయం అరెస్టు చేస్తారు, అభియోగం ఏమిటో ఆఖరి దాకా చెప్పరు. నింద ఏదో తెలియని నిందితుడు! మాటలోని సగం అర్థాన్ని కథ మింగేసింది. అలాంటి మనిషి గురించి రాసేటప్పుడు కూడా నిందితుడనే అనాలి, ఇంకో మాట లేదు.

ఇక ముద్దాయి. ఇది అరబ్బీ నుంచి వచ్చిన కోర్టు మాట. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, మనం వాది అంటామే, అతను. తెలుగులోకి వచ్చేసరికి బోను మారిపోయి, దావా ఎదుర్కొనేవాడైంది. ఉర్దూ బాగా వచ్చినవాళ్లు దీన్ని చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి, తెలుగులో ముద్దాయి అంటే కేసులో ఇరుక్కుని బోనెక్కినవాడే, వాడుకలో అది స్థిరపడిపోయింది, దాన్ని ఇప్పుడు సరిదిద్దబోవడం వృథా. నిందితుడికీ ముద్దాయికీ తేడా ఏమిటంటే, నింద ఊళ్లో కూడా పడుతుంది, ముద్దాయి మాత్రం కేసు లేకుండా ఉండడు. కృష్ణుణ్ణి ముద్దాయి అనలేం. సోక్రటీస్‌ను అనొచ్చు.

ఆయన కేసు మీ సందేహానికి సరిగ్గా సరిపోతుంది. క్రీ.పూ. 399. ఏథెన్సులో ప్రభుత్వ వకీలు ఉండేవాడు కాదు, పౌరుడెవరైనా కేసు పెట్టవచ్చు. మెలేటస్ పెట్టాడు, అనైటస్, లైకాన్ వెనక నిలబడ్డారు. నగరం కొలిచే దేవుళ్లను ఒప్పుకోడనీ, కొత్త దేవతలను తెస్తున్నాడనీ, యువకులను చెడగొడుతున్నాడనీ అభియోగాలు. వందలమంది న్యాయనిర్ణేతలు, ఓటు రెండుసార్లు. మొదటి ఓటు దోషా కాదా అని, రెండోది శిక్ష ఏమిటని. మొదటి ఓటు దాకా ఆయన నిందితుడు, ముద్దాయి, మీ ఇష్టం. ఆ ఓటు తర్వాత, కోర్టు లెక్కలో, దోషి. అప్పుడు శిక్ష మీరే చెప్పుకోండి అంటే, నగరానికి మేలు చేశాను కాబట్టి నాకు ప్రజల ఖర్చుతో భోజనం పెట్టాలి అన్నాడు! తర్వాత మిత్రుల మాట మీద ముప్పై మినాల (అప్పటి గ్రీకు డబ్బు లెక్క) జరిమానాకు దిగాడు, కోర్టు మరణశిక్ష వేసింది. కాబట్టి "సోక్రటీస్ దోషి" అన్న మీ వాక్యాన్ని కాస్త సాగదీసి "కోర్టు సోక్రటీస్‌ను దోషిగా తేల్చింది" అనండి. కోప్పడ్డవారి కోపం అక్కడితో పోతుంది. మొదటి వాక్యంలో మాట్లాడేది మీరు, రెండోదాంట్లో కోర్టు. ఈ 'గా' అనే ప్రత్యయం చేసే మేలు అంతా ఇంతా కాదు.

తేల్చడం, తీర్చడం అనే క్రియలు ఇక్కడ ముఖ్యం. తీర్చేది తీర్పు. సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్న గుర్తుందా, తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం కాసే హక్కు ఉందా అని? వికర్ణుడు లేదన్నాడు, విదురుడు జవాబు చెప్పమని సభను నిలదీశాడు, భీష్ముడు ధర్మం సూక్ష్మం అని తప్పుకున్నాడు. ప్రశ్న తీరలేదు. అందుకే దాన్ని "కౌరవసభ తీర్పు" అని రాసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. అక్కడ జరిగింది తీర్పు చెప్పకపోవడం, ఆ సభ తప్పంతా అదే.

దోషి కోర్టు మాట అన్నాను. మరి ముద్దాయి సొంత మాట? 1908లో బొంబాయి హైకోర్టులో తిలక్ మీద రాజద్రోహం కేసులో జ్యూరీ ఏడుగురు దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. జ్యూరీ ఏమన్నా నేను నిర్దోషినే అని ఆయన అక్కడే చెప్పాడు. శిక్ష ఆరేళ్లు, బర్మాలోని మాండలే జైల్లో. 1922 మార్చి 18న అహ్మదాబాదులో అదే నేరానికి గాంధీ నిలబడి నేరం ఒప్పుకున్నాడు, చట్టం దృష్టిలో నేరమైనది నాకు పౌరుడి ఉత్తమ ధర్మంగా కనిపిస్తోంది, కాబట్టి మీరు రాజీనామా అయినా చేయండి, గరిష్ఠ శిక్ష అయినా వేయండి అని జడ్జీ బ్రూమ్‌ఫీల్డ్‌తో అన్నాడు. ఎంపిక చేసుకోవాల్సిన టెన్షన్ ముద్దాయిది కాదు, జడ్జీది! ఆయన తిలక్ కేసును ప్రస్తావించి అదే ఆరేళ్లు వేశాడు. చూశారా, ఒకే సెక్షను, ఒకే శిక్ష, కానీ ఇద్దరి గురించి ఒకే వాక్యం రాయలేం. "తిలక్ తాను నిర్దోషినన్నాడు", "గాంధీ నేరం ఒప్పుకున్నాడు" అని రాయాలి. "గాంధీ తప్పు ఒప్పుకున్నాడు" అని మాత్రం రాయకూడదు, ఎందుకంటే ఆయన తప్పని ఒప్పుకోలేదు. నేరం చట్టానికి సంబంధించినది, తప్పు మనస్సాక్షికి కూడా సంబంధించినది. మన వాడుకలో ఈ రెండూ కలిసిపోతున్నాయి, అసలు విషయమంతా ఆ సందులోనే ఉంటే అవి కలిసిపోవడం రచనకు దెబ్బ.

డ్రేఫస్ వాక్యం మాత్రం నిజంగానే తప్పు. క్షమాభిక్ష తీసేసేది శిక్షను, దోషాన్ని కాదు. ఆ మాటలోనే భిక్ష ఉంది, ఇచ్చేవాడి దయ. డ్రేఫస్‌కు 1894 డిసెంబరులో సైనిక కోర్టు దేశద్రోహం కింద శిక్ష వేసి డెవిల్స్ ఐలండ్ అనే ఖైదీల దీవికి పంపింది. అసలు ఆ ద్రోహం చేసిన ఎస్తర్‌హాజీని 1898 జనవరిలో ఇంకో సైనిక కోర్టు నిర్దోషి అంది. రచయిత జోలా డ్రేఫస్ తరఫున బహిరంగ లేఖ రాసి, పరువునష్టం కేసులో తనే ముద్దాయి అయ్యాడు. 1899లో ఫ్రాన్సులోని రెన్ అనే ఊళ్లో డ్రేఫస్‌కు మళ్లీ విచారణ జరిగితే మళ్లీ దోషే అన్నారు, కొద్దిరోజులకు అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. అప్పుడు ఆయన బయటికొచ్చాడు, కానీ దోషిగానే. 1906 జులైలో ఆ తీర్పును కొట్టేసిన తర్వాతే నిర్దోషి అయ్యాడు. మధ్యలో ఏడేళ్లు. మీ "క్షమాభిక్ష పొంది నిర్దోషిగా" ఆ ఏడేళ్లనూ చెరిపేసింది. "1899లో క్షమాభిక్షతో విడుదలయ్యాడు, 1906లో నిర్దోషిగా తేలాడు" అని విడగొట్టి రాయండి.

అన్నట్టు, ఒట్టి "విడుదలయ్యాడు" కూడా జాగ్రత్తగా వాడాల్సిన మాట. బెయిలు మీద వచ్చినా విడుదలే, శిక్ష పూర్తయినా విడుదలే, కేసు కొట్టేసినా విడుదలే. ఏ విడుదలో ఒక్క ముక్కలో చెప్పండి.

చివరి వాక్యం, "ఈ నేరస్తులే తర్వాత మహనీయులయ్యారు" అన్నది, నేనైతే మొత్తం కొట్టేస్తాను. వ్యాసమంతా వాళ్లు నేరం చేయలేదని వాదించి, చివర్లో ఒక్క మాటతో శిక్ష వేస్తే ఎలా? ఉంచి తీరాలనుకుంటే "శిక్ష పడ్డ వీళ్లే" అనండి, అది ఎవరూ కాదనలేని నిజం. ఇక ఆ మాటను వేరేచోట వాడినా నేరస్థుడు అని థ ఒత్తుతోనే రాయండి, గృహస్థుడిలాగా. స్థ అంటే ఉన్నవాడు. త ఒత్తు వచ్చేది రోగగ్రస్తుడు, శాపగ్రస్తుడు లాంటి మాటల్లో, అక్కడ గ్రస్త అంటే పట్టుబడినవాడు. నేరం అచ్చతెలుగు, స్థ సంస్కృతం, రెంటినీ కలపవచ్చా అని అడిగే వైయాకరణులు ఉన్నారు, వాళ్లకు జవాబు ఇంకోసారి.