పార్టీ మనిషి జడ్జి అయితే?

ప్రశ్న: సార్, మా తమ్ముడు అమెరికాలో లా చదువుతున్నాడు. అక్కడ అబ్నర్ మిక్వా అనే ఆయన లాయరుగా మొదలై, కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) సభ్యుడై, తర్వాత ఫెడరల్ జడ్జి అయ్యారట. పార్టీ జెండా మోసిన మనిషిని తీసుకెళ్లి జడ్జి సీట్లో కూర్చోబెడితే ఎవరూ అడగరా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అడిగారండీ, గట్టిగానే అడిగారు, కోర్టుకి కూడా ఎక్కారు! అసలు మిక్వాని పార్టీయే మొదట గుమ్మం తొక్కనివ్వలేదు. 1948లో ఎన్నికలకి జీతం లేకుండా పనిచేస్తానని షికాగోలో డెమొక్రాట్ల వార్డు ఆఫీసుకెళ్తే, చుట్ట కాలుస్తున్న నాయకుడు "నిన్నెవరు పంపారు?" అన్నాడు. ఎవరూ పంపలేదంటే "ఎవరూ పంపనివాడు మాకక్కర్లేదు" అని తేల్చేశాడు. (మన కార్పొరేటర్ల ఆఫీసులు గుర్తొస్తే నా తప్పు కాదు.)

తర్వాత లాయరుగా ప్రాక్టీసు, ఇల్లినాయ్ అసెంబ్లీలో పదేళ్లు, 1968లో కాంగ్రెస్‌కి గెలుపు. నియోజకవర్గం హద్దులు మారిపోతే ఊరి శివార్లలోని ఎవాన్‌స్టన్‌కి మకాం మార్చి పోటీచేసి 1972లో ఓడిపోయారు, 1974లో గెలిచారు, 1976లో అయితే 201 ఓట్లతో బయటపడ్డారు.

1979లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ ఆయన్ని వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టుకి నామినేట్ చేశారు. తుపాకులకి కళ్లెం వేయాలని వాదించిన మనిషి కదా, తుపాకీ లాబీ ఊరుకోలేదు. ఇలాంటి నియామకాల్ని ఆమోదించాల్సిన సెనేట్‌లో 58–31 ఓట్లతో గట్టెక్కారు. కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్న కాలంలో జీతం పెరిగిన పదవిని ఆ సభ్యుడికే ఇవ్వకూడదని వాళ్ల రాజ్యాంగంలో ఉంది, జడ్జీల జీతాలేమో పెరిగాయి, దాంతో మెక్‌క్లూర్ అనే సెనేటర్ కేసు వేశాడు. ఆ కేసు వేసే అర్హత ఆయనకి లేదని కోర్టు కొట్టేసింది, నియామకం సరైనదా కాదా అన్న అసలు సంగతి తేలనేలేదు.

నాకు నచ్చింది ఆ 31 ఓట్లే. ఆయన రాజకీయమేంటో అందరికీ తెలుసు, వద్దన్నవాళ్లు పేరు పెట్టి మరీ వద్దన్నారు. మన దగ్గర జడ్జీల్ని ఎంపికచేసే సీనియర్ జడ్జీల బృందం, అదే కొలీజియం, గదిలో ఏం మాట్లాడుకుంటారో మీకూ నాకూ తెలియదు.

మిక్వా చీఫ్ జడ్జి కూడా అయ్యారు. జీవితాంతం ఉండగలిగే ఉద్యోగాన్ని 1994లో వదిలేసి క్లింటన్‌కి వైట్‌హౌస్ లాయరుగా వెళ్లారు.

మన దగ్గరా ఉన్నారండీ. కె.ఎస్. హెగ్డే రాజ్యసభ సభ్యత్వం వదిలి 1957లో మైసూరు హైకోర్టు జడ్జి అయ్యారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1977లో లోక్‌సభ స్పీకర్‌గా తేలారు. మన కోకా సుబ్బారావు గారిది మాత్రం రివర్సు రూటు, 1967లో చీఫ్ జస్టిస్ పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి ఓడిపోయారు.